కోడిపెట్ట వెనకడుగు

ఒకప్పుడు కోళ్లు నేలను గీరేవి కావు. ఎవరైనా నూకలు చల్లితే ఏరుకుని తినేవి. కాళ్లకు మట్టి అంటితే గడ్డికి తుడుచుకునేవి.

ఆ కాలంలో సన్యాసమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక ఎర్రపెట్ట, దాని పిల్లలు ఉండేవి. సన్యాసమ్మ రోజూ పెరడు ఊడ్చేది, కలుపు పీకేది, దడికి కంత పడితే కంపతో మూసేది. ఒక వానాకాలం ఆమె జారిపడింది. నడుం పట్టేసి మంచం దిగలేకపోయింది.

దడికి కంత పడినా మూసేవాళ్లు లేరు. పెరట్లోని పనసచెట్టు ఆకులు రాలాయి. గాలి వాటిని గోడ వారకు తోసింది. చూరు మీంచి జారిన పెంకులు వాటి మీద పడ్డాయి. పిచ్చి తీగలు అల్లుకున్నాయి. చూస్తుండగానే మోకాలెత్తు కుప్ప అయింది.

"పెట్టా, నన్ను పట్టుకునే చెయ్యి లేదు. నీకు గోళ్లున్నాయి కదా, ఆ కుప్ప కాస్త చెదరగొట్టు" అంది మూలనున్న చీపురు.

"ఊడవడం నా పని కాదు" అంది ఎర్రపెట్ట.

ఒక మధ్యాహ్నం దడి మీంచి ఉడత అరిచింది.

"కంతలోంచి తాచు దూరింది. ఆ కుప్పలోకి పోయింది. నీ పిల్లల్ని దగ్గర పెట్టుకో."

పెట్ట రెక్కలు విప్పి పిలిచింది. పిల్లలన్నీ పరుగెత్తుకొచ్చాయి. మచ్చల పిల్ల మాత్రం రాలేదు. కుప్పలోంచి సన్నగా "అమ్మా" అని వినిపించింది.

పెట్ట కుప్ప ముందుకు ఉరికి ఆగిపోయింది. లోపల్నుంచి చల్లటి గొంతు పలికింది.

"ఇంకో అడుగు వెయ్యకు. ఈ చోటు మీరు వదిలేశారు, నేను తీసుకున్నాను."

"నా పిల్ల లోపలుంది."

"తెలుసు. ఎక్కడుందో వెతుకుతున్నాను."

ఆ మాటలు సన్యాసమ్మ చెవిన పడ్డాయి. ఆమె గోడ పట్టుకుని, పళ్లు బిగించి, గుమ్మం దాకా వచ్చింది.

"దూకకే తల్లీ. దూకితే నువ్వూ పోతావు, పిల్లా పోతుంది. రెండుసార్లు గీరు. వెనక్కి రా. చూడు. మళ్లీ గీరు."

"నాకు గీరడం రాదమ్మా."

"గోళ్లు దించి వెనక్కి లాగు. అంతే."

పెట్ట గీరింది. వెనక్కి వచ్చింది. తల వంచి చూసింది. ఆకులు తప్ప ఏమీ లేవు. మళ్లీ గీరింది. గోరు చీలి రక్తం వచ్చింది. అంతలో పిల్ల గొంతు ఆగిపోయింది.

పెట్ట తల దూర్చబోయింది.

"వెనక్కి" అంది సన్యాసమ్మ.

పెట్ట ఒక్క అడుగు వెనక్కి వేసింది. మరుక్షణమే అది అంతకుముందు నిలబడ్డ చోట తాచు పడగ కొట్టింది. కాటు మట్టిలో పడింది.

పెట్ట ఆగలేదు. పక్కనుంచి గీరింది, తప్పుకుంది, మళ్లీ గీరింది. కుప్ప పలచబడి ఎండ లోపలికి దిగింది. దాక్కునే చోటు లేక తాచు తాను వచ్చిన కంతలోంచే బుసకొడుతూ పోయింది.

పగిలిన పెంకు కింద మచ్చల పిల్ల ముడుచుకుని ఉంది. పాము పక్కకే రావడంతో ఊపిరి బిగబట్టి కూర్చుంది.

సన్యాసమ్మ మెల్లగా నడిచి కంతలో కంప కుక్కింది. ఆ సాయంత్రం పెట్ట పెరడంతా గీరింది. మర్నాడూ గీరుతూనే ఉంది.

"శుభ్రంగానే ఉంది కదే" అంది సన్యాసమ్మ.

"పైకి అలాగే ఉంటుందమ్మా" అంది పెట్ట.

అప్పటినుంచే కోడిపెట్ట ఎంత ఊడ్చిన నేలనైనా గీరకుండా వదలదు. గీరిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి చూసి, ఆ తర్వాతే ముక్కు ఆనిస్తుంది.