కునుకులమ్మ కనుమలో కర్రలు దించిన కథ

ఎగువపల్లెకూ దిగువపల్లెకూ నడుమ, ఎర్రమట్టి కొండల సందులో వెలసిన శ్రీ కునుకులమ్మ వారి సన్నిధికి విచ్చేసిన భక్తులకు స్వాగతం. బస్సు దిగినవారు ముందుగా గంట ఎక్కడని అడుగుతారు. ఇక్కడ గంట లేదు. అమ్మవారు చేయి తలకింద పెట్టుకుని, పక్కకు ఒరిగి పడుకుని ఉంటుంది. ఒక కన్ను పూర్తిగా మూసి, రెండో కన్ను కొద్దిగా తెరిచి ఉంటుంది. ఆ కన్ను సంగతి చెప్పి చెప్పి మా పూజారుల వంశంలో అందరి గొంతులూ అరిగిపోయాయి. అందుకే దేవస్థానం వారు ఈ చిన్న పుస్తకం వేయించారు. దయచేసి చదవండి, మమ్మల్ని అడగకండి. గర్భగుడి ముందు పేర్చిన కర్రలను వంటచెరకు అనుకుని కొందరు వాటి మీద కూర్చుంటున్నారు. అవి కూర్చునేందుకు కావు.

పూర్వం ఇక్కడ రాజు లేడు. ఈ రాళ్ళ మీద ఏ రాజూ ఆశపడలేదు. రెండు పల్లెల వారూ గొర్రెల కాపరులు. ఉన్నది ఒక్కటే ఊట. ఎవరి కర్ర వారికి న్యాయం. అలాగని బలవంతులు సుఖపడ్డారా అంటే అదీ లేదు. ఎంతటివాడైనా కన్ను మూస్తే పసివాడితో సమానమే కదా. ఇంట్లో ఒకరు పడుకుంటే ఒకరు కర్ర పట్టుకుని కూర్చునేవారు. కోపంతో కొట్టినవారు తక్కువ. అవతలివాడు కొడతాడేమోనన్న భయంతో ముందుగా కొట్టినవారే ఎక్కువ. పండిన కొర్రను ఎవరు కోసుకుపోతారో తెలియక విత్తడమే మానేశారు. నిద్రలేక అందరి కళ్ళూ గుంటలు పడ్డాయి.

దిగువపల్లెలో తిప్పక్క అనే వితంతువు ఉండేది. ఆమె పెద్దకొడుకును ఎగువపల్లె మారెన్న ఊట దగ్గర కొట్టి చంపాడు. మిగిలినవాడు చిన్నోబులు. అన్న పగ తీర్చడం వాడి వంతు. తీర్చబోతే మారెన్న చేతిలో చస్తాడు. ఊరుకుంటే, వీడు ఎప్పటికైనా పగ తీర్చుకోవడానికి వస్తాడన్న అనుమానంతో మారెన్నే వచ్చి చంపుతాడు. ఎటు చూసినా ఆ తల్లికి కొడుకు దక్కేలా లేడు.

అప్పట్లో అమ్మవారు నిలువుగా, రెండు కళ్ళూ తెరుచుకుని ఉండేది. పేరు కూడా వేరు. అది ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఒక మధ్యాహ్నం తిప్పక్క వచ్చి మొరపెట్టుకుని, ఏడ్చే ఓపిక కూడా లేక అమ్మవారి రాతికి ఆనుకుని కునికింది. ఆ కునుకులో అమ్మవారు కనిపించింది.

"నన్నేం చేయమంటావే తిప్పక్కా? కొడుకును కాపాడమని నువ్వు వస్తివి. వాడిని కొట్టే బలమియ్యమని పొద్దున మారెన్న కోడిని కోసి పోయె. ఇద్దరి మాటా ఎట్లా వినేది? మీ అందరికీ కాపలా కాసీ కాసీ నా కాళ్ళు పీకుతాండాయి. ఆ కర్రలు నేనిచ్చినవి కాదు. మీరే ఎత్తుకుంటిరి, మీరే దించండి. ఒక్కరు దించితే ఆ ఒక్కరు చస్తారు. అందరూ కలిసి దించండి. ఒక్క కర్ర మాత్రం ఒకరి చేతిలో పెట్టండి. వాడు మేలుకోనుంటే మిగతావాళ్ళు పండుకోవచ్చు. నేనూ పండుకుంటా."

తిప్పక్క రెండు పల్లెలకూ ఈ మాట చెప్పింది. జనం కనుమలోకి వచ్చారు గానీ, ముందు మీరు దించండంటే మీరు దించండని ఎండలో నిలబడిపోయారు. పగ బాకీ దిగువపల్లెది కాబట్టి, చచ్చిపోయిన కొడుకు కర్ర తిప్పక్క చేతిలో ఉన్నంతసేపూ ఎగువపల్లె వారు దించరు. అందరూ ఆమె వైపే చూశారు. ఆ కర్ర తప్ప ఆ బిడ్డ గుర్తుగా ఆమెకు ఇంకేమీ మిగల్లేదు. చాలాసేపటికి ఆమె మారెన్న ఎదుటికి వచ్చి, దాన్ని నేల మీద పెట్టింది.

"నిన్ను నేను మన్నించలేదురా. మన్నించను కూడా. అలసిపోతిని, అంతే."

అప్పుడు కర్రలన్నీ దిగి అమ్మవారి ముందు కుప్పపడ్డాయి. కావలి ఎవరన్న ప్రశ్నకు మళ్ళీ గొడవ మొదలవబోతే, తిప్పక్కే మారెన్నను చూపించింది. "అందరికీ భయం వీడంటేనే. వీడు కావలి కాస్తే, ఇంకెవరికి భయపడాల?" అని ఒక కర్ర వాడి చేతిలో పెట్టి, "మేం పండుకుంటాం. చూసుకో" అంది. మారెన్న తల వంచుకుని తీసుకున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే, అమ్మవారు పక్కకు ఒరిగి, రెండు కళ్ళూ మూసుకుని నిద్రపోతూ కనిపించింది. అప్పటినుంచీ కునుకులమ్మ అయింది.

ఇక్కడితో కథ అయిపోతే మాకూ సుఖంగా ఉండేది. మారెన్న కొన్నేళ్ళు నిజంగానే బాగా కాశాడు. తర్వాత చేతిలో కర్ర ఉంది కాబట్టి ఊట కూడా తనదే అనుకున్నాడు. చుట్టూ ముళ్ళకంప వేశాడు. గొర్రెలను నీళ్ళకు తోలిన చిన్నోబులును కొట్టి, నెత్తురు కారుతుండగా ఇంటికి పంపాడు. ముసలిదైపోయిన తిప్పక్క ఆ నెత్తురు తుడిచి, కనుమ ఎక్కి, కుప్పలోంచి పెద్దకొడుకు కర్రను లాగింది.

"ఇచ్చింది మళ్ళీ తీసుకుంటావా?" అని మారెన్న గద్దించాడు.

"నీకిచ్చింది కావలి. ఊట కాదు."

"పండుకుంటామని మాట ఇస్తివి కదా!"

"మేలుకుంటి" అంది తిప్పక్క.

ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చి తమ కర్రలు తీసుకున్నారు. మారెన్న సొంత పల్లె వారు కూడా వచ్చారు. వాడి చేతిలో ఉన్నది కూడా అందరి చేతుల్లో ఉన్నటువంటి కర్రేనని వాడికి అప్పుడు తెలిసింది. దాన్ని కింద పెట్టి, ముళ్ళకంపను తన చేతులతోనే లాగేశాడు. వాడిని చంపుదామని కుర్రవాళ్ళు ఎగబడ్డారు. తిప్పక్క అడ్డం వచ్చింది.

"వీడిని చంపితే మళ్ళీ అందరం మేలుకోవాల. ఇంకొకడిని పెడితే వాడూ ఇట్లాంటోడే అవుతాడు. నాకు ఓపిక లేదు. వీడికే ఇయ్యండి, ఏడాదికి మాత్రమే. ఏడాదికొకసారి వట్టి చేతులతో మన ముందర నిలబడాల" అని మళ్ళీ తన కర్రే ముందుగా దించింది. అమ్మవారి ఒక కన్ను కొద్దిగా తెరుచుకున్నది ఆ రోజే.

నేటికీ ఫాల్గుణంలో తొలి మంగళవారం నాడు కావలిదారు తన కర్రను అమ్మవారి పాదాల దగ్గర పెట్టి, వట్టి చేతులతో ఎండలో నిలబడతాడు. ప్రతి ఇంటి పెద్దావిడ తమ కర్రను కుప్పలోంచి చేతిలోకి తీసుకుని, ఆలోచించుకుని, "పండుకుంటాం, చూసుకో" అంటూ తిరిగి దించుతుంది. ఆనాడు అందరికన్నా ముందు దిగిన తిప్పక్క ఇంటి కర్ర ఇప్పుడు అన్నిటికన్నా చివర దిగుతుంది. అది దిగేదాకా కావలి లేనట్టే.

నిరుడు ఆ ఇంటి ఓబులమ్మ కర్ర దించకుండా ఇంటికి పట్టుకుపోయింది. వాగులో ఇసుక లారీలను కావలిదారు చూసీ చూడనట్టు వదిలేశాడని ఆమె కోపం. లారీలు ఆగేదాకా రెండు పల్లెల్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు, మాకూ లేదు. ఆగిన తర్వాత ఆమె వచ్చి కర్ర దించింది. అతన్ని మన్నించావా అమ్మా అని అడిగాం. "మన్నించేది ఏముంది సామీ, నిద్రొస్తాంది" అంది.

నిద్రపట్టనివారు ఇక్కడి మంటపంలో ఒక పూట పడుకుంటే మేలు కలుగుతుందని నమ్మకం. సామాను కట్టిపెట్టుకోనక్కరలేదు, చెప్పులు కూడా పోవు. తగాదాలు మాత్రం అమ్మవారి దగ్గరికి తేవద్దు. వాటి కోసం బయట అరుగు ఉంది. ఈ కథ చదివినవారికీ, చదివించి విన్నవారికీ భయం లేని నిద్ర పట్టుగాక. వారి కోసం మేలుకుంటామని కర్ర పట్టినవారిని, అమ్మవారు ఆ ఒక్క కంటితో చూస్తూ ఉండుగాక.