తప్పు మాట లేని భాష

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఒక్కదానికే తొందర, మిగతావాళ్ళందరూ నింపాదిగా మాట్లాడుకునేవారు. పులి వాగు దగ్గర కనబడిందనుకోండి, చెట్టు మీది కొండముచ్చు కింద మేస్తున్న దుప్పులకు ఇలా చెప్పేది: "పులి వస్తోంది, పులి వస్తోంది. వాగు వైపు నుంచి వస్తోంది. గుట్ట ఎక్కండి, గుట్ట ఎక్కండి." కింద నుంచి దుప్పులు "గుట్టే కదా?" అని అడిగేవి. "గుట్టే" అని కొండముచ్చు బదులిచ్చేది. అప్పుడు పరుగు తీసేవి.

చాదస్తంగా ఉంది కదూ? కానీ గాలి సగం మాట ఎగరేసుకుపోయినా మిగతా సగం చెవిన పడేది. అదీ సరిగ్గా వినబడకపోతే "ఏమిటీ?" అని అడిగేవారు. అలా అడగడం ఆ అడవిలో ఎవరికీ నామోషీ కాదు.

ఒక ఏడు ముసురు పట్టి వారాల తరబడి వదల్లేదు. పనీపాటా లేక అందరూ ఒక పందెం వేసుకున్నారు. పులి కబురు అందరికంటే తక్కువ కూతల్లో చెప్పినవాళ్ళకు వాగు ఒడ్డున ఉన్న నేరేడు చెట్టు చిటారు కొమ్మ ఇచ్చేయాలి. అక్కడ కూర్చుంటే అడవంతా కనబడుతుంది, పండ్లన్నీ చేతికందుతాయి, కింద అందరూ తలెత్తి చూస్తారు.

ముందుగా చిలక వచ్చింది. "పులి, వాగు, గుట్ట" అంది. బాగుంది బాగుంది అన్నారు. తర్వాత ఉడుత వచ్చి మాటల తోకలన్నీ కత్తిరించి "పు, వా, గు" అంది. అబ్బో అన్నారు. మూడోదిగా మాణిక్యం వచ్చింది.

మాణిక్యం పిల్లతల్లి అయిన కొండముచ్చు. పొట్టకు కరుచుకుని పొట్టి అనే కూతురు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. మాణిక్యం బుర్ర పాదరసం. నోరు గుండ్రంగా చుట్టి ఒక్కటే కూత కూసింది.

"కూ."

అంతే. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. అప్పుడు మాణిక్యం అసలు సంగతి చెప్పింది. ఉన్న మాటల్ని ఎంత కత్తిరించినా కొంత మిగులుతుందట. అందుకని తను మాటల్ని కత్తిరించలేదట, కొత్త భాషే కట్టిందట. అందులో నిండుగా "కూ" అంటే పులి వాగు దగ్గర ఉంది, గుట్ట ఎక్కండి అని. వెక్కిళ్ళు వస్తే పండ్లు రాల్చమని. దగ్గితే చెదిరిపొమ్మని. తుమ్ముకీ, నిట్టూర్పుకీ, ఆవులింతకీ కూడా ఒక్కో అర్థం ఉంది. గొంతులోంచి వచ్చే ఏ చప్పుడునీ మాణిక్యం ఖాళీగా వదల్లేదు. ఖాళీగా వదిలితే వేరేచోట కూత పొడుగవుతుంది, పందెం పోతుంది.

"ఈ భాషలో తప్పు మాట అంటూ లేదు. ఏ చప్పుడు చేసినా అది మాటే" అని గొప్పగా చెప్పింది మాణిక్యం.

అందరూ ఈలలు వేశారు. చిటారు కొమ్మ మాణిక్యానిదైంది. అడవంతా కొత్త భాష నేర్చుకుంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలకైతే అది తప్ప మరొకటి రానే రాదు. పొట్టికి కూడా తల్లి పాత మాట ఒక్కటీ నేర్పలేదు.

మొదట్లో సరదాగానే గడిచింది. ఒకరోజు ముళ్ళపందికి ఎండు దుంప గొంతులో అడ్డుపడి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. కొండముచ్చులన్నీ పరుగెత్తుకొచ్చి నేరేడు కాయల్ని పచ్చివి పచ్చివిగానే రాల్చి పోశాయి. ముళ్ళపంది వద్దు వద్దని చేతులు ఊపుతూనే ఉంది, వెక్కుతూనే ఉంది. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వుకి కూడా అర్థం ఉందని గుర్తొచ్చి చటుక్కున నోళ్ళు మూసుకున్నారు.

రెండోసారి ఎవరూ నవ్వలేదు. దుప్పుల మందలో కొమ్ములయ్య అనే పెద్దాయన ఉండేవాడు. ఆయనకు దగ్గు. చలిగాలి తగిలితే ఆగేది కాదు. ఆయన దగ్గినప్పుడల్లా మంద తలో దిక్కూ చెదిరిపోయేది. పిల్లలు తల్లుల్ని విడిచి ముళ్ళపొదల్లో పడేవి. ఒక లేత పిల్ల రెండు పూటలు కనబడకుండా పోయి, ఎక్కడో గోతిలో వణుకుతూ దొరికింది. మందలోవాళ్ళు గుసగుసలాడారు. చివరికి అందరూ కలిసి ఆయన్ని గుట్ట అవతలికి వెళ్ళి ఉండమన్నారు. ముసలాయనకు నోరు తెరిస్తే దగ్గు వస్తుందని భయం. తలవంచుకుని ఒంటరిగా వెళ్ళిపోయాడు. ఒంటరి దుప్పి అడవిలో ఎన్నాళ్ళుంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆయన కూతురు చుక్కాలు ఆ సాయంత్రమే నేరేడు చెట్టు కిందికి వచ్చింది. మాణిక్యానికీ చుక్కాలుకీ వదినా వదినా అనుకునేంత చనువు. చుక్కాలు కొడుకు గంతులు, మాణిక్యం కూతురు పొట్టి ఒకే ఏడు పుట్టి ఒకే చోట ఆడుకునేవాళ్ళు. చుక్కాలు చుట్టూ చూసి, గొంతు బాగా తగ్గించి, పాత భాషలో మాట్లాడింది.

"వదినా, మా నాన్న దగ్గు దగ్గే. అది మాట కాదు. దాన్ని ఖాళీగా వదిలేయరాదా?"

"వదిలేస్తే చెదిరిపొమ్మనడానికి రెండు కూతలవుతాయి వదినా" అంది మాణిక్యం.

"అయితే అవనీ. తప్పు మాట అంటూ లేకపోతే, ఎవరైనా తప్పు చెప్పినప్పుడు మాకెలా తెలుస్తుంది?"

చుక్కాలు వెళ్ళిపోయాక మాణిక్యం లెక్క వేసుకుంది. దగ్గుని వదిలితే తుమ్మునీ వదలమంటారు. నిట్టూర్పునీ వదలమంటారు. వాటి అర్థాలన్నీ రెండేసి కూతలవుతాయి. అప్పుడు చిలకే మేలనే రోజు వస్తుంది, చిటారు కొమ్మ దిగాల్సి వస్తుంది. పొట్టి ఆ కొమ్మ మీద ఊయల ఊగుతోంది. మాణిక్యం దాన్ని చూసింది, కింద నేలను చూసింది. భాషను ఉన్నదున్నట్టే ఉంచేసింది.

ఇక్కణ్ణుంచి కథ నాకు చెప్పబుద్ధి కాదు. అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, కాస్త దగ్గరికి జరగండి.

అడవి మూగబోయింది. చప్పుడు చేయాలంటే భయం. తల్లులు పిల్లల నోళ్ళకు కాళ్ళు అడ్డం పెట్టి నిద్రపుచ్చేవారు. దుమ్ము లేస్తే అందరూ ముక్కులు నేలకు రుద్దుకునేవారు, తుమ్ము రాకుండా. ఒకరినొకరు "ఏమిటీ?" అని అడగడం మానేశారు. ఏ చప్పుడు విన్నా అది మాటే అయినప్పుడు అడగడానికి ఏముంది? విన్నదే చేయాలి. పులి కంటే పక్కవాడి గొంతుకే ఎక్కువ భయపడే రోజులు వచ్చాయి. మాణిక్యం మాత్రం పైనుంచి చూసి, అడవి ఎంత క్రమశిక్షణలో ఉందోనని మురిసిపోయేది.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండి ఒక్క మడుగు మిగిలింది. దాని చుట్టూ జమ్ముగడ్డి దట్టంగా పెరిగింది. ఒక మిట్టమధ్యాహ్నం దుప్పుల మంద గుట్ట వాలులో నీడన నిలబడి ఉంది. గంతులూ పొట్టీ ఆడుకుంటూ సగం దూరం కిందికి వచ్చేశారు. మాణిక్యం చిటారు కొమ్మ మీద నుంచి మడుగు వైపు చూసింది.

గాలి లేదు. అయినా జమ్ములో ఒకచోట గడ్డి కదిలింది. ఆ గడ్డి మధ్యలో రెండు కళ్ళు కనబడ్డాయి. వాటి చూపు పొట్టి మీదే ఉంది.

మాణిక్యం నిండుగా "కూ" అనాలి, అంతే. ఎన్నివందల సార్లో అన్న కూత. నోరు చుట్టింది, ఊపిరి వదిలింది. కానీ భయపడినవాళ్ళ గొంతు వణకకుండా ఉంటుందా? కూత వణికింది.

వణికే "కూ" కి వేరే అర్థం ఉంది. పులి వెళ్ళిపోయింది, నీళ్ళకు దిగండి అని. ఆ అర్థం పెట్టిన రోజు మాణిక్యం కడుపు నిండా తిని ఉంది, ఎండ వెచ్చగా ఉంది, వణికే కూత పాటలా తియ్యగా ఉందనుకుంది. పులిని చూసినప్పుడు తన గొంతు ఎలా ఉంటుందో ఆ రోజు తట్టలేదు.

మంద నీళ్ళకు దిగడం మొదలుపెట్టింది. ఒక్కరైనా అనుమానపడలేదు. అందరికంటే ముందు గంతులు, వాడి వెనకే పొట్టి.

మాణిక్యం మళ్ళీ కూసింది. ఇంకా ఎక్కువ వణికింది. పిల్లలిద్దరూ ఇంకా త్వరగా నడిచారు. గుండెలు బాదుకుంటూ అరిచింది. ఆ అరుపుకీ ఒక అర్థం ఉంది, మంద కుడివైపుకు తిరిగింది. గట్టిగా కేక పెట్టింది. దానికీ అర్థం ఉంది, మంద తోకలు ఊపింది. ఏ చప్పుడు చేసినా ఏదో ఒక ఆజ్ఞ అవుతోంది. ఆగండి, నేను పొరపాటుగా చెప్పాను అనడానికి ఆ భాషలో చోటే లేదు.

అప్పుడు మాణిక్యానికి పాత మాటలు గుర్తొచ్చాయి.

"పులి వస్తోంది, పులి వస్తోంది. వాగు వైపు నుంచి వస్తోంది" అని గొంతు చించుకుంది.

పెద్ద దుప్పులు చటుక్కున ఆగాయి. చుక్కాలు చెవులు నిక్కబొడిచింది. పాత మాటలు తెలిసినవాళ్ళందరూ పక్కనున్న పిల్లల్ని నెట్టుకుంటూ వెనక్కి తిరిగి గుట్ట ఎక్కారు. కానీ ముందు నడుస్తున్న ఆ ఇద్దరికీ పాత మాటలు తెలియవు. వాళ్ళకు వినబడింది వరసగా ఆజ్ఞలే. "పు" అంటే ఆగు. వాళ్ళు ఆగారు. "లి" అంటే కూర్చో. కూర్చున్నారు. "వ" అంటే లేచి రెండడుగులు ముందుకు వెయ్యి. లేచి, బుద్ధిగా, రెండడుగులు ముందుకు వేశారు. తల్లి ఎంత గట్టిగా హెచ్చరిస్తే అంత దగ్గరగా జమ్ము వైపు జరిగారు.

మాణిక్యం నోరు మూసుకుంది. కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి దూకింది. కాలు మెలిపడినా ఆగలేదు. పులి లేచేసరికి పొట్టి మెడ పట్టుకుని లాగి, దగ్గరున్న మద్దిచెట్టు ఎక్కేసింది. గంతులు మాత్రం తర్వాతి ఆజ్ఞ కోసం తలెత్తి చూస్తూ నిలబడి ఉన్నాడు.

జమ్ము ఒక్కసారి పెద్దగా ఊగింది. తర్వాత మడుగు దగ్గర ఏమీ లేదు.

పొట్టి తల్లి పొట్టను గట్టిగా కరుచుకుంది. కొత్త భాషలో చిన్న నిట్టూర్పు విడిచింది. నువ్వు చెప్పినట్టే విన్నానా అని దాని అర్థం.

పులి దూరంగా వెళ్ళిపోయాక చుక్కాలు మద్దిచెట్టు కిందికి వచ్చింది. నేల మీద చిన్న గిట్టల గుర్తులు చూస్తూ నిలబడింది. ఆగినచోట, కూర్చున్నచోట, రెండడుగులు ముందుకు వేసినచోట, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"మావాడు నీ మాట ఒక్కటీ జవదాటలేదు వదినా" అంది.

మాణిక్యం ఇక ఆపుకోలేకపోయింది. పొట్టిని గుండెలకు అదుముకుని బావురుమని ఏడ్చింది. ఆ ఏడుపు గుట్ట దాకా వినబడింది. మాణిక్యం భాషలో ఏడుపుకి కూడా అర్థం ఉంది. భయం లేదు, మేయండి అని.

గుట్ట మీద భయంతో బిగుసుకుపోయి నిలబడ్డ పిల్ల దుప్పులు అది విన్నాయి. ఒకటి తర్వాత ఒకటి తలలు వంచి మేయడం మొదలుపెట్టాయి.

నీతి: మాటలు ఎంత పొదుపు చేసినా, "పొరపాటు" అనడానికీ "ఏమిటీ" అని అడగడానికీ చోటు ఉంచుకోవాలి. ఆ చోటు లేనప్పుడు పొరపాటు కూడా ఆజ్ఞ అయిపోతుంది, దాన్ని ముందుగా పాటించేది మనల్ని నమ్మిన పిల్లలే.