కోడి చేసే పని

బీబమ్మ కోడిపెట్టను ముంగిస ఎత్తుకుపోయింది. పొదగేయడానికి దాచిన పదకొండు గుడ్లు అనాథలయ్యాయి.

"ఈ జాతి మళ్లీ దొరకదు వలీ, ఏదైనా చెయ్యి నాయనా," అంటూ ఆమె గుడ్ల బుట్ట పట్టుకుని దర్గాకు వచ్చింది.

జమాల్ బాబా దగ్గర శిష్యుడిగా చేరకముందు వలీ కరెంటు పనులు చేసేవాడు. చేతిలో విద్య ఉంది, నోట్లో అంతకు మించిన ధీమా ఉంది.

"కోడి చేసే పని నేను చేయలేనా అమ్మా!" అన్నాడు.

మామిడిపళ్ల చెక్కపెట్టె లోపల థర్మోకోల్ అతికించాడు. బల్బు బిగించి, గిన్నెలో నీళ్లు పెట్టి, థర్మామీటరు వేలాడదీశాడు. గుడ్లకు ఒకవైపు బొగ్గుతో గుర్తు పెట్టి రోజుకు మూడుసార్లు తిప్పాడు. పద్దెనిమిదో రోజు తిప్పడం ఆపి, ఇక మూత ముట్టుకోవద్దని అందరినీ హెచ్చరించాడు. తీస్తే తేమ పోయి, గుడ్డులోని పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుందట.

ఇరవై ఒకటో రోజు పొద్దున లోపల కిచకిచలు మొదలయ్యాయి. వద్దన్నవాడే ముందు మూత తీశాడు. ఒక గుడ్డుకు చిన్న చిల్లు. పావుగంటాగి మళ్లీ తీశాడు. చిల్లు అంతే ఉంది. పాపం, పెంకు కాస్త ఒలిచి పెడదామని పట్టకారు కోసం పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి పెట్టె మీద బాబా! కాళ్లు మడుచుకుని, శాలువా రెండువైపులా పరుచుకుని కూర్చున్నారు.

"లేవండి బాబా! అది లోపలే చచ్చిపోతుంది!"

"టీ పట్టుకురా."

తెచ్చాడు. తాగారు. లేవలేదు. వలీకి ఏడుపొచ్చింది.

"బీబమ్మకు మాటిచ్చాను బాబా. ఆమె ముఖం ఎలా చూడను?"

"కోడి చేసే పని చేస్తానన్నావుగా?"

"అన్నీ చేశాను!"

"ఇదొక్కటి మిగిలిపోయింది," అని బాబా ఇంకాస్త సర్దుకుని కూర్చున్నారు.

నమాజుకు లేచినప్పుడు మాత్రం చేతికర్రను మూత మీద పెట్టి వెళ్లారు. దాన్ని కదిపే ధైర్యం వలీకి లేదు.

మర్నాడు పొద్దున బాబా దిగి మూత తీయించారు. తొమ్మిది పిల్లలు! ఒకటి థర్మామీటరును పొడుస్తోంది. బీబమ్మ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ వాటిని బుట్టలోకి ఎత్తుకుంది. వలీకి ఒళ్లంతా సంతోషమే.

ఆ కబురు విని ఇంకెవరో గుడ్లు తెచ్చిచ్చారు. ఇరవై ఒకటో రోజు బాబా చూడటానికి వచ్చారు. పెట్టెలో ఒకటే కిచకిచలు. దాని మీద వలీ, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

బాబా వచ్చిన దారినే వెనక్కి తిరిగారు. తనే వెళ్లి పొయ్యి రాజేసి టీ పెట్టారు.