చలికొండా? ముత్యాల లంకా?

ఎండలు ముదిరాయంటే ఎర్రవాగు అడవిలో ఎవరి నోట విన్నా ఒకటే మాట: "మీ పిల్లను ఏ దేశం పంపిస్తున్నారు?" మేత కరువైనా, నీటిగుంటలు ఎండినా ఎవరికీ పట్టదు. గొర్రెలు, గేదెలు, అడవిపందులు పిల్లల్ని వెంటేసుకుని నక్క వినయభూషణం బొరియ ముందు పొద్దున్నే బారులు తీరేవి.

వినయభూషణం పని విదేశీ చదువులకు సలహా చెప్పడం. "ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను, ఇది సేవ" అనేవాడు. ఏమీ పుచ్చుకోని వాడి పొట్ట ఏటేటా అంత ఎలా పెరుగుతోందని ఒక్కరూ అడగలేదు. పిల్లల సీట్ల ధ్యాసలో పడితే పెద్దలకు కళ్ళు కనిపించవేమో!

పేరు రాయించుకోగానే పిల్లల మెడగంట విప్పించుకునేవాడు. ఏ మంద బిడ్డో చెప్పే గంట అది. అది లేకుండా ఏ దేశంలోనూ బడి గడప తొక్కనివ్వరు. "దరఖాస్తుకు ఒరిజినల్ ఉండాలి తల్లీ" అంటూ పుచ్చుకుని సంచిలో వేసేవాడు. తిరిగి ఎప్పుడిస్తాడో ఆయనగారి దయ.

బొల్లి అనే మేకపిల్ల గంట కూడా ఆ సంచిలోనే ఉంది. కిందటి వానల్లో గాలికుంటు రోగం వచ్చి బొల్లి తమ్ముళ్ళిద్దరూ గిట్టలు పుండ్లు పడి, లేవలేక, పడుకున్నచోటే పోయారు. వైద్యం తెలిసినవాళ్ళు అడవి మొత్తంలో ఒక్కరు లేరు. గిట్టల వైద్యం నేర్చుకుని రావాలని బొల్లి ఆనాడే గట్టిగా అనుకుంది. అది నేర్పేది చలికొండ దేశంలో, ఒక ముసలి కొండగొర్రె పంతులు దగ్గర. సీటు కూడా వచ్చింది. తొలకరి ముదిరేలోపు వాగు దాటాలి. వాగు పొంగిందంటే నాలుగు నెలలు దారి మూత, సీటు ఇంకొకరికి.

"మామా, నా గంట ఇచ్చెయ్. బయల్దేరతా" అంది బొల్లి.

"ఎక్కడికమ్మా?"

"చలికొండకు. సీటొచ్చిందని నువ్వే చెప్పావుగా."

వినయభూషణం నాలుక చప్పరించాడు. "సీటొస్తే వెళ్ళిపోవడమేనా? ఎముకలు కొరికే చలి. నాలుగేళ్ళ చదువు. అయ్యాక 'మీ అడవికి మీరు పొండి' అని సాగనంపుతారు. ఏం బావుకుంటావు? అదే ముత్యాల లంక అనుకో, ఏడాదిలో పట్టా. ప్రవేశ పరీక్ష లేదు. దుప్పటి కూడా కప్పుకోనక్కర్లేదు, అంత వెచ్చన. చదువయ్యాక మూడేళ్ళు హాయిగా అక్కడే ఉండొచ్చు."

"అక్కడ గిట్టల వైద్యం చెబుతారా?"

"అన్నీ చెబుతారు."

"ఎవరు చెబుతారు?"

"పెద్ద పెద్దవాళ్ళు చెబుతారు."

"ఆ పెద్దవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పు మామా."

వినయభూషణం ముఖంలో నవ్వు పోయింది. "పెద్దంతరం చిన్నంతరం లేదా? నీ గంట నీ మెడలో పడేది లంక పడవ ఎక్కేరోజే. ఇక్కడ రూలంతే. పో!"

బొల్లికి ఒళ్ళు భగ్గున మండింది. తన గంట! తన అమ్మ కట్టిన గంట! దాన్ని అడ్డం పెట్టుకుని తను ఏ దేశం వెళ్ళాలో వీడు చెబుతాడా? ఒక్క కుమ్ము కుమ్ముదామనుకుంది కానీ కుమ్మితే గంట రాదు.

అప్పుడే బొరియ పక్కన ఒకటి కంటబడింది. వినయభూషణం పెళ్ళాం తాయారు ఆ మండుటెండలో మందపాటి ఉన్ని దుప్పటి దులిపి, శొంఠి కొమ్ములతో కలిపి మూట కడుతోంది.

"అంత దుప్పటి ఎవరికత్తా?"

"మా కిరీటికేనే. అక్కడ చలి..."

వినయభూషణం గట్టిగా దగ్గాడు. తాయారు గబగబా మూట ముడేసుకుంది. కిరీటి వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. ఇక బొల్లికి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

దారిలో గొర్రె పుల్లమ్మ ఎదురైంది. పోయినేడు ఆమె కొడుకు లంకకు వెళ్ళాడు.

"మీవాడి కబురేమైనా ఉందా పిన్నీ?"

"బాగున్నాడంట" అంది పుల్లమ్మ.

"వాడు చెప్పాడా?"

"వినయభూషణం గారు చెప్పారు." పుల్లమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఏడాది పట్టా అన్నారు కదా, ఏడాది దాటిపోయిందే తల్లీ."

బొల్లి ఆ పూట మేత ముట్టలేదు. ఏడుపు రావలసింది, కోపమే వచ్చింది.

పడవ రోజు రానే వచ్చింది. ఏటి రేవులో మొసలి లాక్కెళ్ళే పెద్ద తెప్ప సిద్ధంగా ఉంది. బొల్లి రేవుకు వస్తూ వస్తూ బొరియ దగ్గర ఆగి, "అత్తా, మామ మనసు మార్చుకున్నట్టున్నాడు. కిరీటిని మాతోపాటు లంక పడవ ఎక్కిస్తున్నాడు" అని ఒక్క మాట తాయారు చెవిన వేసి వచ్చేసింది.

రేవులో వినయభూషణం గంటల సంచి పక్కన పెట్టుకుని దర్జాగా నిలబడ్డాడు. వెళ్ళే పిల్లల మెడలో కిరీటి చేత దండలు వేయిస్తున్నాడు. తల్లులు ఏడుస్తూనే మురిసిపోతున్నారు.

"మామా, నేను లంకకే వెళ్తా" అంది బొల్లి, అందరికీ వినబడేలా. "కానీ మా అమ్మకు భయంగా ఉందట. మీ ఇంటి బిడ్డ తోడుంటే పంపిస్తానంటోంది. కిరీటిని కూడా ఎక్కించు."

"వాడా? వాడింకా చిన్నవాడమ్మా."

"నాకంటే మూడు నెలలు పెద్ద."

"వాడికి ఒంట్లో బాగోలేదు."

"పొద్దుట్నుంచీ గంతులేస్తున్నాడు కదయ్యా!" అన్నాడు ఎద్దు వీరన్న. మామూలుగా ఎవరి జోలికీ పోనివాడు, ఇవాళ మెల్లిగా ముందుకొచ్చాడు. "అంత మంచి దేశమైతే మీవాణ్ణీ పంపు. మాకూ ధైర్యం."

"పంపు, పంపు" అన్నారు అందరూ.

వినయభూషణం చటుక్కున లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు ఎక్కించి, మలుపు తిరిగాక దింపేసుకుంటే సరి. "నా కొడుకైతే మాత్రం ఎక్కువా? ఎక్కు నాయనా!" అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని. కిరీటి తెప్ప మీద కాలు పెట్టాడు.

"దిగరా!" అని పెద్ద కేక వినబడింది. తాయారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చి కొడుకును మెడ పట్టి వెనక్కి లాగింది. మొగుడి మీద విరుచుకుపడింది.

"కన్నకొడుకును ఉప్పుమడుల్లోకి తోస్తావా? అక్కడ చదువూ లేదు, చట్టుబండలూ లేవు, పిల్లలు ఉప్పు మూటలు మోసి గిట్టలు చిట్లి ఏడుస్తున్నారని చెప్పి నవ్వింది నువ్వు కాదూ? తలకో గంపెడు చేపలకు వీళ్ళ పిల్లల్ని తోలావు, సరే! నా బిడ్డకు చలికొండ సీటుండగా వాణ్ణి కూడా తోలతావా?"

పుల్లమ్మ ఒక్కో అడుగే వేసుకుంటూ వినయభూషణం ముందుకు వచ్చింది.

"నవ్వావా?" అంది.

"అది కాదు పుల్లమ్మక్కా, ఆవిడకు మతి..."

"నా కొడుకు ఏడుస్తుంటే నవ్వావా?"

పుల్లమ్మ జన్మలో ఎవర్నీ కుమ్మి ఎరగదు. ఆ రోజు కుమ్మింది. రెండో కుమ్ము వీరన్నది. దాంతో నక్క వెళ్ళి తెప్ప నడిమధ్యన పడ్డాడు.

"మా పిల్లల్ని మేమే తెచ్చుకుంటాం. గేదెలూ మేమూ ఒడ్డమ్మట రేపే బయల్దేరుతున్నాం, ఎవడు ఆపుతాడో చూస్తాం" అన్నాడు వీరన్న. "నువ్వు ముందెళ్ళి చదువుకో."

నక్క ఒక్కడితోనే తెప్ప కదిలింది. "మొసలన్నా, ఆపు! నేను నీ మనిషిని! వినయభూషణాన్ని!" అని నక్క గోల పెట్టాడు.

మొసలి తల తిప్పనైనా తిప్పలేదు. "పడవెక్కినవాళ్ళంతా మాకు విద్యార్థులే" అన్నాడు.

బొల్లి అది చూస్తూ నిలబడలేదు. సంచి చించి తన గంట తీసుకుంది. చలికొండ మీద అప్పటికే ఉరుముతోంది. ఒక్క పరుగున పోయి, కడుపు మట్టం నీళ్ళలో వాగుకు అడ్డంపడి, ఆవలి గట్టెక్కింది. కోపం మాత్రం చల్లారలేదు. చలికొండలో నాలుగేళ్ళూ ఆ కోపమే దానికి చలిమంట అయింది.

నీ బిడ్డకు దేశం చూపించేవాణ్ణి, తన బిడ్డను ఏ దేశం పంపుతున్నాడో ముందు అడుగు.