రాయప్ప కుడికాలు

కొండవల్లిపాలెం విచారణలో, అంటే ఆ ఊరి చర్చి సంఘంలో, రాయప్ప అని ఒక తాపీమేస్త్రీ ఉండేవాడు. ఎవరికి ఏ సాయం కావాలన్నా అందరికంటే ముందుండేవాడు గానీ, తనకు ఎవరైనా సాయం చేయబోతే మాత్రం ఒళ్లు మండిపోయేది.

వింత మనిషి కాదూ! పెళ్లిపందిరి వేయాలంటే రాయప్ప. సమాధి తవ్వాలంటే రాయప్ప. గుడికి సున్నం కొట్టాలంటే రాయప్ప. అదే ఆయన సిమెంటు బస్తా మోసుకొస్తుంటే ఎవరైనా ఓ చెయ్యి వేయబోతే, "ఏం, నాకు చేతుల్లేవా?" అని గయ్యిమనేవాడు. పక్కింటి మరియదాసు ఒకసారి వానలో గొడుగు పట్టబోతే, "కరిగిపోవడానికి నేనేం ఉప్పుగల్లునట్రా?" అని తడుస్తూనే ఇంటికి నడిచాడు. మొండిఘటం అయినా మంచివాడు కదా అని ఊళ్లోవాళ్లు సరిపెట్టుకునేవారు.

ఆయన భార్య ఆరోగ్యమ్మ మాత్రం సరిపెట్టుకునేది కాదు. "ఏమయ్యా, ఎప్పుడూ నీది పెట్టే చెయ్యేనా? ఏదో ఒకనాడు నీకూ అవసరం పడితే ఏం చేస్తావు?" అనేది.

"పడదు" అనేవాడు రాయప్ప. అంతే, ఇక మాట ఉండదు.

ఆయనకు షుగరు జబ్బు ఉండేది. డాక్టరు గట్టిగానే చెప్పాడు. "మీ అరికాళ్లలో స్పర్శ తగ్గిపోయింది. ముల్లు దిగినా తెలియదు. చెప్పులు లేకుండా గడప దాటకండి" అన్నాడు. అప్పటినుంచి ఆరోగ్యమ్మ ఆయన చెప్పుల్ని తన కళ్లకంటే జాగ్రత్తగా చూసుకునేది.

ఇంతలో ఈస్టరుకు, అదే పాస్కా పండుగకు, ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలైంది. విభూది బుధవారం నాడు విచారణ గురువు ఫాదర్ బాలశౌరి గారు అందరి నుదుటా విభూది పెట్టి, చక్కటి ప్రసంగం చేశారు. "పాస్కా పండుగ దాకా మీరు చేసే ఉపవాసాన్నీ, దానాన్నీ, తపస్సునూ ఊరికి చాటుకోకండి. దేవుడికి తెలిస్తే చాలు" అన్నారు.

రాయప్ప ఇంటికి రాగానే చెప్పులు విప్పి అటక మీదికి విసిరాడు. "పండుగ దాకా వట్టి కాళ్లతో నడుస్తాను. మొక్కుకున్నాను" అన్నాడు.

ఆరోగ్యమ్మ అటక దగ్గరికి పరుగెత్తింది. "డాక్టరు వద్దన్నాడు కదయ్యా!"

"డాక్టరు కంటే దేవుడు పెద్ద."

"పెద్దే, ఎవరు కాదన్నారు? నీ కాళ్లు పాడుచేసుకుంటే ఆయనకేం ఒరుగుతుంది?"

రాయప్ప ఆ మాట చెవిన పెట్టలేదు.

శుక్రవారాల్లో ఆ ఊళ్లో సిలువ మార్గం వీధుల వెంట నడిచేది. పెద్ద కొయ్య సిలువను ఒకరు మోస్తుంటే, వెనక జనమంతా పాడుకుంటూ, ప్రార్థిస్తూ, ఇంటింటి ముందూ మోకరిస్తూ వెళ్లేవారు. ఏళ్ల తరబడి ఆ సిలువ మోసేది రాయప్పే. ఆ ఏడూ మోశాడు. ఎండకు సిమెంటు రోడ్డు కాలిపోతోంది. రాయప్ప మొహంలో ఆవగింజంత బాధ కూడా లేదు. ఎంత భక్తో అని అందరూ ఆశ్చర్యపోయారు. అది భక్తి ఒక్కటే కాదని ఆరోగ్యమ్మకు తెలుసు.

ఒక శుక్రవారం ఆయన ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ మంచినీళ్లు తెస్తూ నేల చూసింది. గడప దగ్గరనుంచి మంచం దాకా ఎర్రటి మరకలు. కుడికాలు ఎత్తి చూస్తే అరికాల్లో తుమ్మముల్లు సగానికి దిగి ఉంది.

"నొప్పి పుట్టలేదా?" అంది.

"లేదే" అన్నాడు రాయప్ప. ఆ ఒక్క మాటతో ఆమెకు డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది.

రాయప్ప తనే ముల్లు పీకి, పసుపు అద్ది, గుడ్డ చుట్టాడు. ఆస్పత్రికి వెళ్దామంటే ససేమిరా అన్నాడు. పైగా, "ఫాదర్ గారు ఏమన్నారు? తపస్సును చాటుకోవద్దన్నారా లేదా? ఇదీ తపస్సే. ఎవరికీ చెప్పనని జపమాల పట్టుకుని ఒట్టెయ్యి" అన్నాడు. చూశారా, మంచి మాటను కూడా మొండివాడు తనకు కావలసినట్టు ఎలా మలుచుకుంటాడో! పాపం, ఆరోగ్యమ్మ ఆయన కోపానికి భయపడి ఒట్టేసింది.

అప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. పుండు మానలేదు. పాదం వాచింది. వేళ్లు నల్లబడ్డాయి. మంచం కిందికి చీమలు చేరసాగాయి. అగరొత్తులు వెలిగించినా ఇంట్లో ఆ వాసన పోలేదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఆరోగ్యమ్మే ఎదురెళ్లి బయటే మాట్లాడి పంపేసేది.

ఇక ఉండబట్టలేక ఒకరోజు గుడి పక్కనున్న దవాఖానాకు వెళ్లింది. అక్కడ సిస్టర్ క్లారమ్మ గారు మందులిచ్చేవారు. "సిస్టరమ్మా, షుగరున్న వాళ్లకి కాలి మీద పుండు పడి నల్లబడితే ఏమవుతుంది?" అని అడిగింది.

"ఎవరికి?" అన్నారు సిస్టర్ గారు.

"మా... మా చుట్టాలాయనకి."

"వెంటనే తీసుకురమ్మను తల్లీ. ఆలస్యమైతే కాలు తీసేయాలి. ఇంకా ఆలస్యమైతే ప్రాణమే పోతుంది."

ఆరోగ్యమ్మ ఆ మాట మొగుడి చెవిలో వేసింది. ఆయన గోడవైపు తిరిగి, "పండుగ వెళ్లనీ, చూద్దాం" అన్నాడు. కానీ ఆ రోజు అన్నం సగంలోనే వదిలేశాడు. ఆయనకూ భయం పట్టుకుందని ఆమెకు అర్థమైంది. భయపడేవాడు అడగొచ్చు కదా? అడగడే! అదే కదా ఆయన రోగం.

మరియదాసు ఆయన కుంటడం గమనించాడు. "బాబాయ్, ఈ శుక్రవారం సిలువ నేను మోస్తాను" అన్నాడు.

"నేను చచ్చాక మోద్దువుగాని, పోరా" అన్నాడు రాయప్ప. మరియదాసు చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు.

పండుగకు వారం ముందు, మ్రానికొమ్మల ఆదివారం నాడు ఫాదర్ గారు పూజ చివర కొన్ని పేర్లు చదివారు. పవిత్ర గురువారం సాయంత్రం, ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగిన దానికి గుర్తుగా, గురువు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. ఆ పన్నెండుమందిలో రాయప్ప పేరుంది! ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. పూజ అయ్యాక ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి, "నా పేరు తీసేయండి ఫాదర్" అన్నాడు.

"ఎందుకండీ? ఈ గుడి నేల చదును చేసింది మీరే. ఈ ఏడు మీ కాలు కడగాలని సంఘమంతా కోరింది" అన్నారు ఫాదర్ గారు.

కాదనాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే గుట్టు బయటపడుతుంది. రాయప్ప తలూపి వచ్చేశాడు. దారిలో ఒక ఉపాయం తోచింది. ఫాదర్ గారు ఒక్కొక్కరికీ ఒక్క కుడికాలే కడుగుతారు. తను మాత్రం ఎడమకాలు చాపుతాడు. అంతే!

గురువారం వచ్చింది. కాళ్లు కడిగించుకోబోయేవాళ్లు ఎలా వస్తారో తెలుసా? ఇంట్లోనే సబ్బుతో, పీచుతో రుద్ది రుద్ది, మెరిసేలా కడుక్కుని వస్తారు. అందరూ అలాగే వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. రాయప్ప చివర కూర్చున్నాడు. కుడిపాదానికి కొత్త గుడ్డ చుట్టి, పంచె అంచు దాని మీదికి లాక్కున్నాడు. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. ఆడవాళ్ల వైపున ఆరోగ్యమ్మ జపమాల పట్టుకుని కూర్చుంది. వేళ్లు కదులుతున్నాయి గానీ ప్రార్థన సాగడం లేదు.

ఫాదర్ గారు నడుముకు తువ్వాలు కట్టుకుని, మోకరిల్లి, ఒక్కొక్కరి కాలూ కడుగుతూ వస్తున్నారు. చెంబు చప్పుడు దగ్గరపడే కొద్దీ రాయప్ప పంచె అంచును ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. ఆయన వంతు వచ్చింది. ఎడమకాలు చాపాడు.

"రాయప్ప గారూ, అది ఎడమకాలు" అన్నారు ఫాదర్ గారు మెల్లగా.

"దేవుడికి కుడేమిటి, ఎడమేమిటి ఫాదర్? కడిగేయండి."

ఫాదర్ గారు నవ్వి చెంబు వంచబోయారు. ఇంకొక్క క్షణమైతే రాయప్ప ఉపాయం పారేదే.

"ఫాదర్! కుడికాలు చూడండి!"

పాట ఆగిపోయింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆరోగ్యమ్మ లేచి నిలబడి ఉంది.

"జపమాల మీద ఒట్టేశాను. ఆ ఒట్టు తప్పిన పాపం నాది, పాపసంకీర్తనంలో మీ ముందు నేనే ఒప్పుకుంటాను. ఆయన కాలు కుళ్లిపోతోంది ఫాదర్! నా మొగుడు చచ్చిపోతాడు!" అని గొల్లుమంది.

"కూర్చోవే!" అని అరిచాడు రాయప్ప. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

ఫాదర్ గారు మోకాళ్ల మీదనుంచి లేవలేదు. "నేను బలవంతంగా లాగను. మీరు ఇస్తేనే కడుగుతాను" అన్నారు.

"వద్దు ఫాదర్. కంపు కొడుతుంది. మీరు ముట్టుకోకూడదు."

"మీకు ఏ పునీతుడి పేరు పెట్టారో, ప్రభువు కాలు కడగబోతే ఆ శిష్యుడు కూడా మొదట వద్దనే అన్నాడు, రాయప్ప గారూ. చివరికి కాలు ఇచ్చాడు. విభూది నాడు నేను దాచుకోమన్నది పుణ్యాన్ని. పుండును దాచుకోమనలేదు."

రాయప్ప మెల్లగా పంచె పక్కకు తీసి, కుడికాలు ముందుకు పెట్టాడు.

గుడ్డ విప్పగానే ముందు వరసవాళ్లు ముక్కులు మూసుకున్నారు. ఫాదర్ గారు మాత్రం మొహం తిప్పుకోలేదు. ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సిస్టర్ క్లారమ్మ గారు పరుగున వచ్చి చూసి, "ఇప్పుడే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి" అన్నారు.

మరియదాసు ముందుకొచ్చాడు. పోయినసారి తిన్న చీవాట్లు గుర్తున్నాయేమో, కాస్త దూరంలోనే ఆగి, "బాబాయ్, ఎత్తుకోనా?" అని అడిగాడు.

అలవాటు చొప్పున రాయప్ప నోరు తెరిచాడు. "ఏం, నాకు కాళ్లు..." అన్నాడు. తన కాలి వైపు చూసుకున్నాడు. మాట ఆగిపోయింది. చిన్నపిల్లాడిలా రెండు చేతులూ చాపి, "ఎత్తుకోరా దాసూ" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే మోకాలి దాకా తీసేయాల్సి వచ్చేదనీ, అప్పటికీ ప్రాణం దక్కేదో లేదో అనీ డాక్టర్లు చెప్పారు. మర్నాడు శుక్రవారం సిలువను మరియదాసు మోశాడు. ఊళ్లోవాళ్లు వంతులేసుకుని ఆస్పత్రికి అన్నం క్యారేజీలు తెచ్చారు. మొదటి రోజు రాయప్పకు ముద్ద దిగలేదు. రెండో రోజు తిన్నాడు. పాస్కా పండుగ నాడు, "పులుసు ఇంకాస్త పోయమ్మా" అని తనే అడిగాడు. ఆ మాట విని ఆరోగ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆమె పాపసంకీర్తనానికి కూడా వెళ్లింది. ఫాదర్ గారు ఏమన్నారో మనకు తెలియదు గానీ, ఆమె నవ్వుకుంటూ బయటికి వచ్చింది.

మరుసటి ఏడు విభూది బుధవారం నాడు రాయప్ప కాళ్లకు చెప్పులేసుకుని గుడికి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగి, "ఒరే దాసూ, కాస్త చెయ్యి ఇవ్వరా" అన్నాడు.

కాబట్టి పిల్లలూ, ఇతరులకు సాయం చేయడం మంచి గుణమే. కానీ మనకు అవసరమైనప్పుడు గాయాన్ని దాచుకోకుండా, సిగ్గుపడకుండా ఇతరుల సాయం అందుకోవడమే అసలైన వినయం.