నీడ చుక్కల సింగమ్మ

అనగనగా, పొద్దును చూసి సంగటి తినే రోజుల్లో, ఒక కొండ కింద ఒక కాలువ పారేది. కాలువకు మీద ఒక పల్లె, కింద ఒక పల్లె. నీళ్ళు ఒకటే. అనుమానాలు మాత్రం ఇంటికొకటి.

తెల్లవారితే నీళ్ళు మీది పల్లెకు. మిట్టమధ్యాహ్నమైతే కింది పల్లెకు. ఆ వేళ చెప్పేది సింగమ్మ. రాళ్ళు కొట్టే మొగుడు పోయాక ఊరు ఆమెకు చూపిన కూడు అదే. పెద్ద బండ నడుమ ఒక కంబం. కంబం నీడ బండ మీద గీసిన గీత మీదికి రాగానే "తిప్పండో!" అని కేకేసేది. ఎన్నో ఏళ్ళుగా ఆ కేకకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

అప్పుడు పక్కనున్న కోటలో దొర గడియారం తెప్పించాడు. అది చూసి మధ్యాహ్నం గంట కొట్టించాడు. దాంతో వచ్చింది తంటా.

స్వాతి కార్తెలో సింగమ్మ కేక ముందు వినబడింది, గంట వెనక వినబడింది. మీది పల్లె చెన్నప్ప చెవులు నిక్కబొడుచుకున్నాయి. అతని మడి పల్లె చివర. అక్కడిదాకా నీళ్ళు రావడమే గగనం, ఆ కాస్తా తగ్గితే పంట ఎండుతుంది. పైగా సింగమ్మ పుట్టిల్లు కింది పల్లె! ఇంకేం కావాలి?

"ఏందవ్వా, పొద్దును నువ్వేమన్నా ముందుకు నూకితివా?" అన్నాడు.

"నీడ చెప్పిందే నేను చెప్పినా, నాయనా."

చెన్నప్ప కంబం ఊపి చూశాడు, కదల్లేదు. బండ మీద నీళ్ళు పోసి చూశాడు, ఏ పక్కకూ వాలలేదు. ఆమెను దూరంగా నిలబెట్టి తానే నీడ చూశాడు, నీడ గంటకంటే ముందే గీత ఎక్కింది. అయినా చెన్నప్పకు అనుమానం తీరలేదు.

ధనిష్ఠ కార్తె వచ్చింది. ఇప్పుడు గంట ముందు, కేక వెనక. ఈసారి కింది పల్లెవాళ్ళు లేచారు. "ముసిల్ది రెండు పక్కలా తింటాండాది!" అన్నాడు చెన్నప్ప. రెండు పల్లెలూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

ఊరు వదిలి పొమ్మన్నారు. ఆ వయసులో ఆమె ఎక్కడికి పోతుంది? సింగమ్మ చేతులు జోడించింది.

"ఒక్క ఏడు గడువియ్యండి. దినామూ గంట మోగినప్పుడు నీడ కొస కాడ చుక్క పెడతా. నాది దొంగ నీడైతే చుక్కలు చెదిరిపోతాయి. కాదంటే, ఏడు తిరిగేసరికి నీడ మొదటి చుక్క మీదికే వస్తాది. చెన్నప్పే కాపలా ఉండనీ."

ఆ రోజే మొదటి చుక్క పడింది. మొగుడి ఉలితో ఆమె చెక్కింది. చెన్నప్ప పక్కనే గొంతుక్కూర్చున్నాడు, రెప్ప వేస్తే ఏం మాయ చేస్తుందోనని.

చుక్కలు వరసగా పోలేదు. పక్కకు ఒరిగాయి. మళ్ళీ వంపు తిరిగాయి. ఎండాకాలం దాటాక తమ దారిని తామే అడ్డంగా దాటాయి. నడుము సన్నగా ఉన్న సొరకాయ బొమ్మలా తయారైంది.

"చేతబడి ముగ్గు ఏస్తాండావు కదూ?" అన్నాడు.

సింగమ్మ నవ్వింది. "నీ ఎద్దు ఒకనాడు ఉరుకుతాది, ఒకనాడు ఈడుస్తాది. పొద్దూ అంతే. ఆ గడియారానికే తెలీదు పాపం."

చెన్నప్పకు అనుమానం తీరలేదు. కానీ ఆమె తెచ్చిన సంగటిలో సగం మాత్రం తినేవాడు.

చలి ముదిరింది. సింగమ్మకు దగ్గు పట్టుకుంది. ఏడు తిరక్కముందే ఒక తెల్లవారుజామున కన్నుమూసింది.

"తప్పించుకునింది," అన్నారు జనం. చెన్నప్పకు ఆ మాట ఎందుకో మింగుడు పడలేదు. అలాగని అనుమానమూ తీరలేదు. ఉలి తీసుకుని బండ దగ్గరికి పోయాడు. మిగిలిన చుక్కలు తానే పెట్టాడు. చచ్చాకైనా ఆమె దొంగతనం పట్టుకోవాలి మరి!

ధనిష్ఠ కార్తె మళ్ళీ వచ్చింది. రెండు పల్లెలూ బండ చుట్టూ మూగాయి. కోటలో గంట మోగింది. నీడ కొస సింగమ్మ పెట్టిన మొదటి చుక్క మీద వాలింది.

చెన్నప్ప బండ మీద బోర్లా పడి ఏడ్చాడు. "అవ్వా, నీ చేతి కూడు తింటా నిన్నే దొంగంటినే!" అన్నాడు. ఎవరూ లేపలేదు. అందరూ తలొంచుకునే ఉన్నారు.

తర్వాత కోటలో గడియారం తుప్పుపట్టి ఆగిపోయింది. గంట కొట్టేవాడు సింగమ్మ బండకు వచ్చి, ఆ కార్తె చుక్క మీదికి నీడ రాగానే పరిగెత్తిపోయి గంట కొట్టేవాడు. తేడా వచ్చిందని ఎవరూ అనలేదు.

ఇప్పటికీ ఆ పల్లెల్లో ఒకరు ఇంకొకర్ని దొంగ అంటే, పెద్దలు అన్నవాడి చేతికి ఉలి ఇస్తారు. "పోయి ఏడాది చుక్కలు పెట్టు. అప్పుడు వచ్చి చెప్పు, వింటాం" అంటారు. వాడు మూడో నాటికే ఉలి తిరిగిచ్చేస్తాడు. ఇచ్చి, తాను దొంగ అన్నవాళ్ళ ఇంటికే పోయి, చెంబెడు నీళ్ళు అడిగి తాగుతాడు.