ఉల్లంకి దిబ్బ చుట్టూ కంప

ఆ చలికాలం దస్తగిరికి ముద్ద దిగడం మానేసింది.

ఏరు సముద్రంలో కలిసే చోట, దర్గాకి ఎదురుగా ఓ ఇసుకదిబ్బ ఉంది. ఏటా చలి మొదలయ్యే వేళకి ఎక్కడో మంచుదేశాల నుంచి ఉల్లంకి పిట్టలు అక్కడికి వచ్చేవి. నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ బురదలో పురుగులు ఏరుకు తినడం, పోటొచ్చి బురద మునిగితే దిబ్బెక్కి ఒంటికాలి మీద కునుకు తీయడం, అదీ వాటి సంసారం. దర్గా పెద్ద మౌలా షా ఆ దిబ్బను శిష్యుడు దస్తగిరికి అప్పగించాడు. "అతిథులు, జాగ్రత్త" అన్నాడు, అంతే.

దస్తగిరిది మామూలు జాగ్రత్త కాదు. కుక్కలు రాకుండా, పశువులు తొక్కకుండా దిబ్బ చుట్టూ తుమ్మకంప నాటాడు. మరుసటి ఏడు పిట్టలు తగ్గాయి. ఇంకా ఒత్తుగా, ఇంకా ఎత్తుగా నాటాడు. ఇంకా తగ్గాయి. ఒకప్పుడు ఇసుక కనపడకుండా కప్పేసిన పిట్టలు ఇప్పుడు ఆకాశంలో చుట్లు కొట్టి, దిగకుండానే ఎటో పోతున్నాయి.

"అన్ని రేవుల్లోనూ తగ్గాయంట బాబా" అన్నాడు దస్తగిరి. "కానీ ఇక్కడ నా చేతుల్లోనే అంతరించిపోయేట్టున్నాయి. ఇంకో వరస కంప నాటేసి నేను వెళ్ళిపోతా. దిబ్బ ఇంకెవరికైనా అప్పజెప్పండి."

మౌలా షా పొయ్యి వైపు చూశాడు. "కట్టెలు అయిపోయాయిరా. అన్నం ఉడకాలి" అని గొడ్డలి తీసుకుని తిన్నగా దిబ్బ దగ్గరికి నడిచాడు.

మొదటి కంప పెరికేసరికి దస్తగిరి పరుగున వచ్చాడు. "బాబా, అది కంచె" అన్నాడు. ముసలాయన వినిపించుకుంటేగా. రెండోది లాగాడు. దాని మాటు నుంచి ఒక డేగ విసురుగా లేచిపోయింది. అది కూర్చున్న చోట ఇసుక నిండా చిన్న చిన్న ఉల్లంకి ఈకలు.

దస్తగిరి కాసేపు ఆ ఈకల్నే చూశాడు. తర్వాత చేతులు గీరుకుపోతున్నా ఆగకుండా, మిగతా కంపంతా తనే పీకాడు. ముసలాయన అందులోంచి ఓ మోపు కట్టుకెళ్ళి పొయ్యి రాజేశాడు.

పోటొచ్చింది. ఇద్దరూ దర్గా అరుగు మీద తింటుండగా పిట్టలు వచ్చాయి. ఒక చుట్టు కొట్టాయి. ఇంకో చుట్టు. దస్తగిరి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ముందు ఏవో నాలుగు దిగాయి, ఆ వెనక గుంపుకు గుంపు దిగింది. దిబ్బ నిండలేదు, మునుపున్నన్ని లేవు. అయినా దిగాయి. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా ఆకలేసింది. మారు వడ్డించుకుంటుండగా అనుమానం వచ్చింది.

"ఇప్పుడు కంచె లేదు కదా బాబా. కుక్కలొస్తే?"

మౌలా షా చెయ్యి కడుక్కుని, తలుపు మూల నుంచి కర్ర తెచ్చి అతని పక్కన పెట్టాడు.

"దిబ్బ నీకు అప్పజెప్పాను నాయనా, కంపకి కాదు."